ఈదురుగాలిలో ఏ తెరచాప ఎత్తాలి?

సమన్వయకర్త: శ్రీకాకుళం స్టూడియోకు స్వాగతం. రెండు పొట్టల చిన్న పడవ, అదే కాటమరాన్, నేర్చుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ఒకటే. గాలి గట్టిగా ఉన్న రోజు తెరచాప ఎంత ఉండాలి?

సెయిలింగ్ కోచ్: గాలి వేగం రెట్టింపయితే చాప మీద తోపు నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలికి సరిపోయిన చాప 40 దగ్గర పడవను తిరగేస్తుంది. ఒంటిపొట్ట పడవ ఒరిగి కొంత గాలిని వదిలేస్తుంది. ఇది మొదట్లో ఒరగదు, అంతా బాగుందనిపిస్తుంది. ఒక పొట్ట నీళ్ల మీంచి లేచాక ఆలోచించే టైముండదు. అందుకే సగటు గాలి కాదు, విసురు, అంటే ఒక్కసారిగా కొట్టే గాలి, చూసి చాప తగ్గించాలి.

కళింగపట్నం మత్స్యకార పెద్ద: మా తెప్పకీ అంతే బాబూ. దాన్నే అరవోళ్లు కట్టుమరం అంతారు. వంశధార మొగలో కెరటం లేస్తే ఒడ్డునుండగానే చాప సుట్టీసీవోళ్లం. లోనకెళ్లినాక సుట్టడం కష్టం.

సమన్వయకర్త: చిన్న చాపయితే చాలా? ఆకారం మాటేమిటి?

కోచ్: మీ కండువా ఓసారి ఇవ్వండి పెద్దాయనా. (కొసలు వదులుగా పట్టుకుని) ఇలా బొజ్జ ఉంటే మెల్లగాలికి బాగుంటుంది. (గట్టిగా లాగి) ఈదురుగాలికి ఇలా చదునుగా ఉండాలి. చాప అంచును కిందికి లాగే డౌన్‌హాల్ తాడు బిగిస్తే చాప చదునవుతుంది, పైభాగం తెరుచుకుని విసురుని వదిలేస్తుంది.

పెద్ద: పొడుగు చాపొద్దు. పైన కొడితే ముక్కు నీళ్లలోకి దిగిపోద్ది.

కోచ్: నిజం. హోబీ 16 అనే చిన్న కాటమరాన్ వెడల్పు 2.4 మీటర్లు. పడవను తిరగబడకుండా దాని బరువు ఆపేది అందులో సగం దూరం నుంచే. గాలి మాత్రం ఆ సగానికి రెండు మూడింతల ఎత్తు నుంచి తోస్తుంది. రీఫ్ వేస్తే, అంటే చాపను కొంత మడిచి కడితే, తోపూ, ఎత్తూ రెండూ తగ్గుతాయి. చాలామంది ముందువైపున్న చిన్న చాప తీసేసి పెద్ద చాప అలాగే ఉంచుతారు. నాకది నచ్చదు. అప్పుడు ముక్కు గాలివైపే లాగుతుంది, పడవ మలుపు తిరగదు.

సమన్వయకర్త: విసురు వస్తోందని ఎలా తెలుస్తుంది?

పెద్ద: నీళ్ల మీద నల్లటి మచ్చ పరిగెత్తుకొస్తాది. అది సూసీసరికి చాపని లాగి పట్టే తాడు వదిలీయాల.

కోచ్: ఆ తాడు చేతిలోనే ఉండాలి. పడవకు కట్టేస్తే ఆ క్షణంలో విప్పలేరు.