బెడ్ మేకింగ్: పేషెంట్ పడుకున్నాక బయటపడే సంగతులు

నమస్తే అండీ. ఇవాళ బెడ్ మేకింగ్ గురించి మాట్లాడుకుందాం. నర్సింగ్‌లో చేరినవాళ్లకు మొదట నేర్పే పనుల్లో ఇదొకటి. చాలామంది "ఇందులో ఏముంది, దుప్పటి పరచడమేగా" అనుకుంటారు. ప్రాక్టికల్స్‌లో కూడా ఎక్కువగా ఖాళీ మంచం మీదే చేయిస్తారు. మూల బాగా కుదిరిందా, ముడత లేకుండా లాగారా, అయితే మార్కులు పడ్డట్టే. నా గొడవంతా అక్కడే. ఆ మంచం మీద మనిషి పడుకుని, రెండుసార్లు పక్కకు తిరిగి, కాస్త కిందికి జారి, ఒకసారి తడిపాక చూసి అప్పుడు మార్కులు వేయాలంటాను. అలా చూస్తేనే ఏ పొర ఎందుకు వేస్తున్నామో, ఏ దిండు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

స్క్రీన్ మీద చూడండి. సిస్టర్ ఇంకా షీటు ముట్టుకోలేదు. ముందు చేతులు కడుక్కున్నారు, చక్రాలకు బ్రేకులు వేశారు, మంచాన్ని నడుము ఎత్తుకు లేపారు. వంగి వంగి చేస్తే నడుము పోయేది మనకే. కానీ పని అయిపోయాక మంచాన్ని మళ్లీ కిందికి దించాలి. దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. రాత్రి బాత్‌రూమ్‌కని లేచిన మనిషికి కాలు నేలకు అందకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో పక్క గురించి విడిగా ఒక అధ్యాయమే రాశారు. రోగి మంచం సోఫా కంటే ఎత్తుగా ఉండకూడదని అందులో అంటారు. అప్పట్లో మంచాన్ని పైకీ కిందికీ జరిపే మీటలు లేవు. ఇప్పుడు మీట ఉంది, దాన్ని నొక్కాలి, అంతే.

బట్టలన్నీ ముందే కుర్చీ మీద పేర్చుకోవాలి. చివర వేసేది అడుగున, మొదట వేసేది పైన. మధ్యలో దిండు కవరు కోసం పరుగెత్తాల్సి వస్తే ఆ కాసేపూ పేషెంట్ సగం పరిచిన పక్క మీదే ఉండాలి.

ముందు బాటమ్ షీట్. మూల చూడండి, దీన్నే మైటర్ కార్నర్ అంటారు. తల వైపు షీటును పరుపు కిందికి తోశారు. కొస నుంచి ఇంచుమించు అడుగు దూరంలో షీటు అంచు పట్టుకుని ఎత్తి, పరుపు మీదికి వాల్చారు. త్రికోణం వచ్చింది కదా? కింద వేలాడుతున్న ముక్కను లోపలికి తోసి, త్రికోణాన్ని దించి దాన్నీ లోపలికి తోశారు. 45 డిగ్రీల మడత. అందంగా ఉంటుంది, నిజమే. పేషెంట్ కదిలినప్పుడు షీటు ఊడి రాకుండా పట్టి ఉంచడం దీని అసలు పని. ఊడిన షీటు నడుము కింద ఉండ కడుతుంది. లేవలేని మనిషి ఆ ఉండ మీదే గంటల తరబడి పడుకుంటే చర్మం కందుతుంది, పుండుకు అదీ ఒక దారే. ఎలాస్టిక్ ఉన్న షీటు వాడేచోట ఈ మడతలతో పనే లేదు, దానికి బాధపడక్కర్లేదు.

దాని మీద మెకింటాష్, అంటే నీరు దిగని రబ్బరు షీటు. దాని మీద డ్రా షీట్, అంటే అడ్డంగా పరిచే గుడ్డ షీటు. వీపు మధ్య నుంచి మోకాళ్ల దాకా వస్తే చాలు. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి, నీరు దిగని బట్టకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ బట్టతో వానకోట్లు కుట్టారు. వానను బయట ఆపే గుణమే ఇక్కడ తడిని పరుపులోకి పోనివ్వదు. చిక్కేంటంటే చెమటనూ పోనివ్వదు. అందుకే డ్రా షీట్ మెకింటాష్‌ను నాలుగు వైపులా పూర్తిగా కప్పాలి. రబ్బరు ఒక్క వేలెడంత ఒంటికి తగిలినా అక్కడ చెమట పట్టి చర్మం నానుతుంది. నానిన చర్మం ఊరికే చిట్లుతుంది. మామూలుగా నడిచి తిరిగే, మలమూత్రాల మీద అదుపు ఉన్న పేషెంట్‌కు అసలు ఈ రెండు పొరలూ ఎందుకని నేనడుగుతాను. అలవాటుగా వేసేవాళ్లే ఎక్కువ.

టాప్ షీట్ దగ్గర ఒక్క సంగతి. పాదాల దగ్గర బిగించి లాగొద్దు. కాలివేళ్లు ఆడేంత వదులుగా ఒక చిన్న కుచ్చి వదలండి. బిగించిన షీటు బరువు పాదాల్ని ముందుకు వంచేస్తూ ఉంటుంది.

ఇక తీసిన బట్టలు. దులపకూడదు. దులిపితే దాని మీదున్న చర్మపు పొట్టు, క్రిములు గాల్లో లేచి పక్క మంచం దాకా పోతాయి. యూనిఫామ్‌కు హత్తుకుని మోయకూడదు, నేల మీద వేయకూడదు, నేరుగా హ్యాంపర్‌లోకే, అంటే మురికి బట్టలు వేసే బుట్టలోకే. వేసేముందు ఒక్కసారి తడిమి కాదు, చూసి వేయండి. కట్టుడు పళ్లు, కళ్లజోడు, చెవి మెషిన్ ఇలాగే లాండ్రీకి పోతాయి. సూది కూడా పోతుంది, అది లాండ్రీలో పనిచేసేవాళ్ల చేతిలో దిగుతుంది. ఇంకోటి, "పేషెంట్‌ను ముట్టుకోలేదుగా, షీటే కదా మార్చాను" అని చేతులు కడగరు కొందరు. డబ్ల్యూహెచ్ఓ చెప్పిన చేతుల శుభ్రత ఐదు సందర్భాల్లో ఐదోది సరిగ్గా ఇదే: పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకాక.

ఇప్పుడు అసలు పరీక్ష. పేషెంట్ మంచం మీదే ఉన్నారు, లేవలేరు. ఇద్దరు ఉంటే మేలు. ముందు ఏం చేయబోతున్నారో పేషెంట్‌కు చెప్పాలి, "అమ్మా, అటు పక్కకు తిప్పుతున్నాం, ఈ కమ్మీ పట్టుకోండి" అని. కర్టెన్ వేయాలి. ఒంటి మీద ఒక దుప్పటి ఎప్పుడూ ఉండాలి. క్యాథటర్ (మూత్రం పోయే గొట్టం), డ్రెయిన్ (గాయం నుంచి ద్రవం బయటికి తీసే గొట్టం), సెలైన్ గొట్టం ఎటు పోతున్నాయో తిప్పకముందే చూసుకోవాలి. పేషెంట్‌ను ఒక వైపుకు తిప్పాక, పాత షీటును మురికి వైపు లోపలికి వచ్చేలా చుట్టుకుంటూ వీపు దాకా తోయాలి. పక్కనే కొత్త షీటు సగం పరిచి, మిగతా సగం మడతలుగా వీపు దగ్గరే ఉంచాలి. ఇప్పుడు పేషెంట్‌ను ఆ గుట్ట మీదుగా ఇటు తిప్పాలి. "కాస్త ఎత్తుగా తగులుతుంది" అని ముందే చెబితే ఉలిక్కిపడరు. అటు నిలబడ్డవాళ్లు పాతది లాగేసి, కొత్తది బిగించి పరుస్తారు. వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లైతే తల, భుజాలు, నడుము ఒకే వరుసలో కలిపి తిప్పాలి, అందుకు ఇంకా మనుషులు కావాలి.

ఈ పనిలో ఇంకో లాభం ఉంది. వీపు చూడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం, ఇవన్నీ చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడటం లేదంటే ఒత్తిడి పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు. అక్కడ వేడి, గట్టిదనం, నొప్పి ఉన్నాయేమో చూసుకోవాలి.

ఆపరేషన్ అయి వచ్చేవాళ్ల పక్క వేరు. టాప్ షీటు పరుపు కిందికి దోపకూడదు. ట్రాలీ వచ్చే వైపు ఖాళీ వదిలి, అవతలి వైపుకు మడిచి పెట్టుకోవాలి. తల దిండు తీసేయాలి. పక్కనే ఆక్సిజన్, నోట్లో చేరిన ద్రవాన్ని లాగే సక్షన్ మెషిన్, వాంతి పట్టే కిడ్నీ ట్రే, సెలైన్ స్టాండ్ ఉండాలి. ట్రాలీ వచ్చాక వెతుక్కునే టైమ్ ఉండదు.

యాక్సెసరీస్‌కు వద్దాం. బెడ్ క్రేడిల్ అంటే ఈ కమాను లాంటి చట్రం. కాలిన గాయాల మీద, తడి ప్లాస్టర్ మీద దుప్పటి తగలకుండా ఆపుతుంది. శాండ్ బ్యాగులు కాలు పక్కకు వాలకుండా ఆనుగా ఉంటాయి. వీటితో పేచీ లేదు. వీపుకు ఆనుగా ఎత్తి పెట్టే బ్యాక్ రెస్ట్‌తో కాస్త ఉంది. తల వైపు ఎత్తు పెంచేకొద్దీ ఒళ్లు కిందికి జారుతుంది. చర్మం షీటుకు అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం జారుతుంది. ఆ రాపిడికి లోపలి రక్తనాళాలు నలుగుతాయి. వీలైనప్పుడు 30 డిగ్రీలు దాటించొద్దనేది అందుకే. ఆయాసం ఉన్నవాళ్లకు, ట్యూబ్ ఫీడింగ్ ఉన్నవాళ్లకు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు తల ఎత్తే ఉండాలి, అక్కడ బేరం లేదు. ముందు మోకాళ్ల వైపు కొద్దిగా ఎత్తి, ఆ తర్వాత తల వైపు ఎత్తితే జారడం తగ్గుతుంది.

ఎయిర్ రింగ్, అదే మధ్యలో కంత ఉన్న కుషన్, పాత పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. దాని అంచు చుట్టూ నొక్కుకుపోయి మధ్య భాగానికి రక్తం సరిగ్గా ఆడదు. పుండ్ల నివారణ మీద ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని వద్దంటున్నాయి. నీళ్లు నింపిన గ్లౌజు మడమ కింద పెట్టడం కూడా అంతే. దాని బదులు పిక్క పొడవునా ఒక దిండు పెట్టి, మడమ గాల్లో ఉండేలా చూడండి. ఖర్చు లేని పని.

గాలి పరుపు వేశారనుకోండి, దాని మీద షీటు, మెకింటాష్, డ్రా షీట్, దుప్పటి అన్నీ పరిస్తే ఇక ఆ పరుపెందుకు? వదులుగా ఒక్క షీటు, కావాలంటే ఒక ప్యాడ్, అంతే. పరుపు వేశాం కదా అని తిప్పడం మానొద్దు. రెండు గంటలకోసారి అనేది మామూలు లెక్క. కొందరికి ఇంకా త్వరగా తిప్పాలి.

చివరిగా సైడ్ రెయిల్స్. పనిచేస్తున్న వైపు దించి, అవతలి వైపు ఎత్తి ఉంచాలి, అది సరే. పని అయ్యాక రెండు వైపులా ఎత్తేసి "ఇక పడరు" అని వెళ్లిపోవడమే నాకు నచ్చదు. మతి స్థిమితం తప్పిన మనిషి రెయిల్ ఎక్కి దిగాలని చూస్తారు, అప్పుడు ఇంకా ఎత్తు నుంచి పడతారు. సందులో తల ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన మార్గదర్శకంలో మంచంలో మనిషి ఇరుక్కునే చోట్లు ఏడు గుర్తించి, తల దూరే అవకాశమున్న సందు 120 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండాలంది. పాత మంచం మీద సైజు కుదరని కొత్త పరుపు వేసినప్పుడు పక్కన ఖాళీ ఎంతుందో చూడండి. ఆ మనిషి ఎందుకు లేవాలనుకుంటున్నారో కూడా అడగండి. చాలాసార్లు దాహమో, బాత్‌రూమో అయి ఉంటుంది. నీళ్లు, కాలింగ్ బెల్ చేతికి అందేచోట పెడితే రెయిల్ మీద అంత ఆధారపడాల్సిన పని ఉండదు.