గాదె వేరు, విస్తరి వేరు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ చిక్కడపల్లిలో, సినిమా మానేసి ఫొటోల సైజుల గురించి వినడానికి వచ్చారంటే మీక్కూడా ఆ మెసేజ్ వచ్చే ఉంటుంది: స్టోరేజ్ నిండిపోయింది అని. పక్కనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. హౌస్‌ఫుల్ బోర్డు చూసి ఉసూరుమంటూ వెనక్కి తిరిగిన అనుభవం ఈ గదిలో చాలామందికి ఉంటుంది. అక్కడ బ్లాకులో కొనేవాళ్లం, ఇక్కడ నెలనెలా కట్టమంటున్నారు. కట్టే ముందు లోపల సీట్లలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూద్దాం.

నేను పాత ఇళ్ల తలుపులు, మెట్లబావులు ఫొటోలు తీస్తుంటాను. వాటికి నాలుగు ముక్కలు రాసి నా సైట్‌లో పెడతాను. నాకు ఉచితంగా దొరికిన చోటు 1 జీబీ. మొదట్లో ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించేశాను. ఒక్కోటి సుమారు 4 ఎంబీ. 1 జీబీ అంటే 1024 ఎంబీ కాబట్టి 256 ఫొటోలతో సరి. వ్యాసానికి పదేసి ఫొటోలు పెట్టే అలవాటు నాది. పాతిక వ్యాసాలకే ఇల్లు నిండిపోయింది, ఇంకా గోల్కొండ దాకా కూడా వెళ్లలేదు.

అప్పుడు నాకు తట్టాల్సిన ప్రశ్న ఇది: అంత పెద్ద ఫొటో ఎవరు చూస్తున్నారు? మామూలు ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెల్ అనుకోండి. అడ్డంగా 4000 చుక్కలు, నిలువుగా 3000. మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. చదివేవాడి ఫోన్ తెర అడ్డంగా ఉండేది వెయ్యి చుక్కల పైచిలుకు. కంప్యూటర్‌లో చూసినా నా వ్యాసం వరస 800 చుక్కల వెడల్పు దాటదు. అంటే నేను పంపినదంతా వాళ్ల ఫోన్‌కి చేరి, అక్కడ కుంచించుకుపోయి కనిపిస్తోంది. గాదెలో ధాన్యమంతా విస్తట్లో పోస్తామా? రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునే కుర్రాడు నా ఒక్క వ్యాసం తెరిస్తే 40 ఎంబీ ఖర్చు. నా చోటు సంగతి సరే, అతని డేటా కూడా నేనే తినేస్తున్నానన్నమాట.

అదే ఫొటోని 1200 వెడల్పుకి తగ్గిస్తే ఎత్తు 900 అవుతుంది. చుక్కలు 10 లక్షల 80 వేలు, పదకొండో వంతు. వెడల్పు సగం చేస్తే బరువు సగం అవుతుందనుకుంటారు చాలామంది. ఎత్తు కూడా సగమవుతుంది కదా, చుక్కలు నాలుగో వంతుకి పడిపోతాయి. ఇలా తగ్గించి, సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ 100కి 80 దగ్గర పెడితే నా ఫొటోలు 200 కేబీ అటూఇటూగా వస్తున్నాయి. అదే 1 జీబీలో ఇప్పుడు 5 వేలు పడతాయి. అన్ని తలుపులు హైదరాబాద్‌లో మిగిలి ఉన్నాయో లేదో నాకు అనుమానమే.

ఒక వింత చెబుతాను. హుస్సేన్‌సాగర్ మీద సాయంత్రం ఆకాశం ఒక ఫొటో తీశాను, లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ఒకటి తీశాను. అదే ఫోన్, అవే 4000 చుక్కలు. ఆకాశం ఒకటిన్నర ఎంబీ, గాజులు 6 ఎంబీ! గాజులు బరువే, కానీ ఇంతనా? దీని వెనక మనం వాడే జేపెగ్ పద్ధతి ఉంది. అది ఫొటోని అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కల గళ్లుగా కోస్తుంది, గడికి 64 చుక్కలు. చుక్కను చుక్కగా రాసుకోకుండా, ఈ గడిలో వెలుగు మెల్లగా మారుతోందా, గబగబా మారుతోందా అన్న లెక్కగా రాసుకుంటుంది. గబగబా మారే సన్న వివరాల్లో కంటికి ఆననివాటిని వదిలేస్తుంది. ఆకాశం గడిలో మార్పు ఏముంది, రెండు అంకెలతో పని అయిపోతుంది. లాడ్‌బజార్ లక్క గాజు మీద ప్రతి రాయికీ ఒక మెరుపు, ఒక నీడ. ఏ గడీ ఊరికే ఉండదు.

ఈ లెక్కకు మూలమైన పరిశోధనా పత్రం 1974లో వచ్చింది. దాని మీద మూడు పేర్లు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు, పేరు వింటే మన పక్కింటాయనలా ఉంటుంది. ఈ ఆలోచన మీద పనిచేయడానికి 1972లో అహ్మద్ అమెరికాలో గ్రాంటు అడిగితే దొరకలేదు. జేపెగ్ ప్రమాణంగా స్థిరపడింది 1992లో. ఇవాళ పొద్దున మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన శుభోదయం గులాబీ కూడా ఆ లెక్క మీదే వచ్చింది, దానికి రావుగారిని తప్పుపట్టకండి.

జేపెగ్ ఒకసారి వదిలేసింది మళ్లీ రాదు. తెరిచి, కాస్త కత్తిరించి, మళ్లీ సేవ్ చేసి, మళ్లీ తెరిచి... ఇది జిరాక్స్‌కి జిరాక్స్ తీయించినట్టే. చిన్నది ఎప్పుడు కావాలన్నా ఒరిజినల్ నుంచే చేసుకోండి. వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని సైజు తగ్గించుకునేవాళ్లున్నారు. పని జరుగుతుంది, కాదనను. ఆ వచ్చినదాన్నే దాచుకుని ఒరిజినల్‌ని తీసేస్తే మాత్రం నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

తెలుగు అక్షరాలున్న బొమ్మలకు మాత్రం జేపెగ్ వద్దు. స్క్రీన్‌షాట్ తీసి జేపెగ్‌లో బాగా నొక్కితే తలకట్టుల చుట్టూ, వత్తుల సందుల్లో మురికి పట్టినట్టుంటుంది. వాటికి పీఎన్‌జీ అనే ఇంకో పద్ధతి మేలు, ఏమీ వదలదు, చదునైన రంగులుంటే బరువూ తక్కువే. ఫొటోని పీఎన్‌జీలో పెడితే మాత్రం అంతకంత పెరుగుతుంది. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ పద్ధతిలో ఫొటో చాలాసార్లు జేపెగ్ కంటే చిన్నగా వస్తుంది, ఇప్పటి బ్రౌజర్లన్నీ తెరుస్తాయి. స్కూష్ అని బ్రౌజర్‌లోనే పనిచేసే ఉచిత పనిముట్టు ఉంది. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది, మధ్య గీత జరుపుతూ పోల్చుకోవచ్చు.

సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌ని సొంత హోస్టింగ్‌లో, అంటే అద్దెకు తీసుకున్న చోటులో, వాడేవాళ్లకి ఇంకో లీకేజీ ఉంది. మీరు 4000 వెడల్పు ఫొటో ఒక్కటి ఎక్కిస్తే అది 150, 300, 768, 1024, 1536, 2048 అంటూ ఆరు కాపీలు చేసుకుంటుంది. 2560కి తగ్గించిన ఏడోది కూడా చేసి, ఒరిజినల్‌ని పక్కన అట్టేపెడుతుంది. ఒక్క అతిథిని పిలిస్తే ఎనిమిదిమంది దిగినట్టు! 1200 వెడల్పుది ఎక్కిస్తే మొదటి నాలుగు కాపీలతోనే ఆగుతుంది, అవీ చిన్నవే. ఇంకోటి, వ్యాసం తీసేసినంత మాత్రాన అందులోని ఫొటోలు పోవు. మీడియా లైబ్రరీలో అలాగే కూర్చుంటాయి.

ఇక నా బుద్ధితక్కువ పని. వర్డ్‌ప్రెస్‌కి ముందు ఇంకోచోట రాసేవాణ్ని. అక్కడ ఎక్కించిన ఫొటోలన్నీ నాకు తెలియకుండా వేరే ఆల్బమ్‌లో చేరుతుండేవి. ఒకరోజు ఆ ఆల్బమ్ కంటపడింది. ఇవి నా దగ్గర ఉన్నవే కదా, డూప్లికేట్లు అనుకుని మొత్తం ఎంచి డిలీట్ కొట్టాను. చోటు ఖాళీ అయింది, హాయిగా టీ తాగొచ్చాను. వచ్చి చూస్తే మూడేళ్ల వ్యాసాల్లో ఫొటో ఉండాల్సిన ప్రతిచోటా బూడిదరంగు చతురస్రం. వ్యాసంలో ఉండేది ఫొటో కాదు, దాని చిరునామా. ఆ చిరునామాలో ఇల్లు నేనే కూల్చేశాను. అప్పటి నుంచి ఏదైనా తీసే ముందు, అది ఏ వ్యాసంలో వాడానో వెతికి చూస్తున్నాను.

అవన్నీ ఎలాగోలా మళ్లీ ఎక్కించగలిగాను, పెద్దవి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి. బన్సీలాల్‌పేట మెట్లబావి ఇప్పుడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, 2022లో బాగుచేసి తెరిచారు. అంతకుముందు అది చెత్తతో పూడిపోయి ఉండేది. ఆ చెత్త ఫొటో మళ్లీ తీయమంటే ఎవరు తీయగలరు? అలాంటివి నేను రెండు డిస్కుల్లో ఉంచుతున్నాను. ఒకటి నా బీరువాలో, ఒకటి కూకట్‌పల్లిలో మా చెల్లెలింట్లో. సైట్ మీదున్నది మనం చూపించే కాపీ మాత్రమే. కంపెనీలు ఉచితం అన్నమాట మీద కలకాలం ఉండవు. గూగుల్ ఫొటోస్ కాస్త తగ్గించిన ఫొటోలు ఎన్నైనా దాచుకోమని చెప్పి, 2021 జూన్ 1 నుంచి అవి కూడా ఖాతాకి ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తాయంది. ఆ 15 జీబీ మీ జీమెయిల్‌కీ అదే. నిండితే ఫొటోలే కాదు, మెయిల్స్ రావడం కూడా ఆగుతుంది.

మర్చిపోయాను, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా ఫొటోలోపల నమోదవుతుంది. ఎవరింటి తలుపో మనం పెడుతున్నప్పుడు ఆ ఇంటి గుట్టు మనవల్ల బయటపడకూడదు. సైజు తగ్గించే కొన్ని పనిముట్లలో ఆ సమాచారం తీసేసే ఆప్షన్ ఉంటుంది, కనిపిస్తే టిక్ పెట్టండి.

ఇప్పుడు తెర మీద రెండు ఫొటోలు వేస్తున్నాను. రెండూ ఒకే తలుపు, ఒకటి 4.3 ఎంబీ, ఒకటి 190 కేబీ. ఏది ఏదో చెప్పండి. ముందు వరసలో పెద్దాయన ఎడమదే ఒరిజినల్ అంటున్నారు, గొళ్లెం మీద తుప్పు స్పష్టంగా ఉందట. వెనకాల అమ్మాయి కూడా ఎడమదే అంటోంది. కాదండీ, ఎడమది 190 కేబీ. సరే, ఫోన్లు తీయండి, మీవి మొదలుపెడదాం.