1957లో వచ్చిన వాటిలో ఏ ఐదు? – పాత సినిమాల ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ వారం మనం తీసుకున్న ఏడాది 1957. ఆ ఏడాది వచ్చిన తెలుగు సినిమాల్లో ఐదంటే ఐదు ఎంచుకోవాలి. మన మాస్టారు స్టూడియోకి వచ్చేశారు. మాస్టారూ, కాల్స్ తీసుకునే ముందు ఏమైనా చెబుతారా?

మాస్టారు: ఒక్క మాట. బాగా ఆడిన సినిమా వేరు, మనకు నచ్చిన సినిమా వేరు, ముఖ్యమైన సినిమా వేరు. మూడూ ఒకటే అయిన సినిమా 1957లో ఉంది, అదేమిటో మీ అందరికీ తెలుసు. మిగతా వాటికి నా కొలత ఇది. ఆ సినిమా ప్రింటు పోయిందనుకోండి, దాంతోపాటు ఇంకెక్కడా దొరకనిది ఏదైనా పోతుందా? పోతుందంటే అది ముఖ్యమైనది. ఇంకోటి, పాటలు మాత్రం చూసి జాబితా రాయకండి. సినిమా మొత్తం చూడండి. ఇది ఇవాళ మళ్ళీ మళ్ళీ చెబుతాను, ఏమనుకోకండి.

వ్యాఖ్యాత: నెల్లూరు నుంచి మొదటి కాల్. చెప్పండి సార్.

శ్రోత (నెల్లూరు): నమస్తే అండి. నా ఓటు ‘మిస్సమ్మ’కి.

మాస్టారు: మంచి సినిమా. కానీ 1955.

శ్రోత: లేదండీ, నేను చూసిన వీడియో కింద 1957 అని ఉంది.

మాస్టారు: వీడియో కింద రాసిన ఏడాదిని నమ్మకండి బాబూ. ఎక్కించినవాళ్ళు ఏదో ఒకటి రాసేస్తారు. ముందు వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ కత్తిరించకుండా ఉంచితే దాని మీద తేదీ చూడండి. లేకపోతే ఆనాటి పేపర్లలో విడుదల ప్రకటన చూడండి. ఒక్కోసారి ఆ రెండిటికీ తేడా వస్తుంది. ‘శంకరాభరణం’ ఉంది చూశారా, సెన్సార్ తేదీని బట్టి జాతీయ అవార్డుల్లో 1979 కింద ఉంటుంది, హాళ్ళలోకి వచ్చింది 1980 ఫిబ్రవరిలో. అందుకని విడుదల తేదీనా, సెన్సార్ తేదీనా, ముందే ఒకటి అనుకుని దాని మీదే ఉండాలి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. తెనాలి నుంచి అమ్మగారు లైన్లో ఉన్నారు.

శ్రోత (తెనాలి): హలో... వినపడుతోందా అమ్మాయ్? ఆఁ, నమస్కారం మాస్టారూ. నాకు డెబ్బై ఆరు. ‘మాయాబజార్’ వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళు. మా ఊళ్ళో హాలు లేదు. పక్క ఊళ్ళో టూరింగ్ టాకీసు, నేల టికెట్టు. మా అన్నయ్య భుజాల మీద కూర్చుని వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా చీకట్లో వాడు ఘటోత్కచుడిలా నవ్వితే నేను జడిసి చచ్చాను. సరే, ఇప్పుడు సంగతేమిటంటే, వేసవి సెలవులకి మనవలు వస్తున్నారు. డాలస్‌లో ఉంటారు. పెద్దవాడికి పదమూడు, చిన్నదానికి పది. ఐదు ఆదివారాలు ఇక్కడుంటారు. ఆదివారానికొకటి చొప్పున చూపిద్దామని. ఏ ఐదు చూపించమంటారు?

మాస్టారు: చాలా సంతోషం అమ్మా. మొదటిది మీరే చెప్పేశారు, ‘మాయాబజార్’. 1957 మార్చి 27న వచ్చింది. కె.వి.రెడ్డిగారి దర్శకత్వం, విజయా వారి సినిమా. పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడని పాండవుల కథ అది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు అందులో కంబళికి జతగా గింబళి పుట్టించారు, తల్పానికి జతగా గిల్పం పుట్టించారు. అసమదీయులు, తసమదీయులు అన్నారు. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడి చేత అడిగించారు. ఇవాళ్టికీ ఇళ్ళల్లో వీరతాళ్ళు వేస్తున్నాం కదా, అవన్నీ అక్కడివే.

శ్రోత: మా ఆయన ఇప్పటికీ వేస్తారు, కాఫీ బాగుంటే.

మాస్టారు: అదీ! అయితే అమ్మా, ఒకటి గుర్తుపెట్టుకోండి. 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది. పిల్లలు రంగులే అడుగుతారు. అయినా ముందు నలుపు తెలుపులోనే చూపించండి. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ లైటింగ్ అంతా నలుపు తెలుపు కోసమే చేశారు. ‘లాహిరి లాహిరి’ పాటలో పడవ మీద పడే వెన్నెల నిజం వెన్నెల కాదు. ఆరుబయట తీసిన భాగం పగలు తీసింది. రంగులు పూస్తే ఆ పనితనం కనపడకుండా పోతుంది.

శ్రోత: పగలా? అయ్యో, నేనిన్నాళ్ళూ రాత్రి తీశారనుకున్నాను. సరే సరే. తర్వాత?

మాస్టారు: రెండోది ‘తోడికోడళ్ళు’. ఆదుర్తి సుబ్బారావుగారిది, జనవరి 11న వచ్చింది. బెంగాలీ రచయిత శరత్‌బాబు రాసిన ‘నిష్కృతి’ దానికి ఆధారం. కానీ ఎక్కడా బెంగాలీ వాసన రాదు. కన్నాంబ, సూర్యకాంతం, సావిత్రి ముగ్గురూ ఒకే వంటింట్లో తిరుగుతుంటే మన వీధిలో ఇల్లే. అందులో ‘ఆడుతు పాడుతు పనిచేస్తుంటే’ పాట మీ మనవలకి ఆపి ఆపి చూపించండి.

శ్రోత: గూడ వేస్తుంటారు కదూ!

మాస్టారు: ఆ గూడ కోసమే చెబుతున్నాను. పొలానికి నీళ్ళు తోడే బుట్ట అది, మీ మనవలు చూసి ఉండరు. అటొకళ్ళు ఇటొకళ్ళు తాళ్ళు పట్టుకుని, వంగి నీళ్ళు ముంచి, ఒక్కసారి వెనక్కి వాలి మడిలోకి విసరాలి. ఇద్దరి ఊపూ కలవకపోతే నీళ్ళు ఒలికిపోతాయి. కొసరాజుగారి మాట, మాస్టర్ వేణుగారి బాణీ ఆ ఊపుతోనే నడుస్తాయి. ఇందాక ప్రింటు పోతే ఏం పోతుందని అడిగాను చూశారా? గూడ ఇప్పుడు పొలాల్లో లేదు. ఆ పాటలో ఉంది.

శ్రోత: మా నాన్న, మా పెద్దమ్మ కొడుకు వేసేవాళ్ళు. నాన్న చేతులకి కాయలుండేవి... సరే గానీ మాస్టారూ, మరి ‘సువర్ణసుందరి’ చెప్పలేదేం?

మాస్టారు: అది ఐదో స్థానం దగ్గర ఆలోచిస్తున్నాను. ‘పాండురంగ మహాత్మ్యం’తో పోటీ. రామారావుగారు పుండరీకుడిగా చెడి, మారి, చివర తల్లిదండ్రుల కోసం విలపించే ఘట్టం చిన్నదేం కాదు. పాండురంగడిగా చిన్నపిల్ల విజయనిర్మల. నవంబర్ 28న విడుదలైంది కనుక ఎక్కువ మంది చూసింది 1958లోనే అయ్యుంటుంది. అయినా లెక్క 1957 కిందే.

శ్రోత: అదీ బావుంటుంది, కాదనను. కానీ ‘హాయి హాయిగా ఆమని సాగే’ ఒక్కటి చాలదూ?

మాస్టారు: పాటలు చూసి ఎంచొద్దన్నాను కదమ్మా.

శ్రోత: నేను సినిమా మొత్తం ఆరుసార్లు చూశాను బాబూ! పాట చూసి చెప్పడం లేదు. మా అన్నయ్య హార్మోనియం వాయించేవాడు. గురువు లేడు, ఊళ్ళో సంగీతం చెప్పేవాళ్ళే లేరు. ఆ ఒక్క పాట పట్టుకుని నాలుగు రాగాలు నేర్చుకున్నాడు. సోహిని ఇక్కడ ఆగింది, బహార్ ఇక్కడ మొదలైంది, ఇదిగో జౌన్‌పురి, ఇది యమన్ అని వేలితో మెట్లు నొక్కి చూపించేవాడు. వాడు పోయి పన్నెండేళ్ళయింది. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది.

మాస్టారు: ...అమ్మా, అయితే ఐదోది ‘సువర్ణసుందరి’. నా కొలతకి మీరే జవాబు చెప్పారు. ఘంటసాల, జిక్కి పాడారు, ఆదినారాయణరావుగారి స్వరకల్పన. హిందీలో అదే బాణీని రఫీ, లత పాడారు. పిల్లలకి రెండూ వినిపించండి, మీ పెట్టె కూడా బయటికి తీయండి.

శ్రోత: తీస్తాను. మరి మూడు, నాలుగు ఏవి?

వ్యాఖ్యాత: అమ్మా, వేరే కాలర్స్ కూడా వెయిట్ చేస్తున్నారు. మిగతావి వాళ్ళతో మాట్లాడేటప్పుడు మాస్టారు చెబుతారు, వింటూ ఉండండి. హన్మకొండ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (హన్మకొండ): సర్, ‘కారులో షికారుకెళ్ళే’ శ్రీశ్రీ పాట కదా? ఆ ఒక్క పాటతోనే ‘తోడికోడళ్ళు’ నంబర్ వన్ అవ్వాలి.

మాస్టారు: ఆత్రేయగారి పాట నాయనా. శ్రీశ్రీ అని చాలామంది పొరబడతారు. పొరబడ్డారంటే ఆత్రేయగారు అంత బాగా రాశారన్నమాట. సినిమా మొత్తం చూశావా?

శ్రోత: పాట వరకే చూశాను సర్.

మాస్టారు: మొత్తం చూడు. దాంతోపాటు ‘ఎం.ఎల్.ఎ.’ కూడా చూడు. అది నా మూడోది.

శ్రోత: ఆ పేరే వినలేదు సర్.

మాస్టారు: అందుకే చెబుతున్నాను. కె.బి.తిలక్‌గారు తీశారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఏడాది తిరక్కుండా జనం ముందుకు ఎం.ఎల్.ఎ. అనే పేరుతో సినిమా వచ్చింది. ఆరుద్ర ‘ఇదేనండి ఇదేనండి భాగ్యనగరం’ అని కొత్త రాజధానిని చూపించారు. ‘మాయాబజార్’ పక్కన పెడితే పనితనంలో చిన్నది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లో మనవాళ్ళు హైదరాబాదును ఏ కళ్ళతో చూశారో తెలుసుకోవాలంటే దాని దగ్గరికే వెళ్ళాలి.

వ్యాఖ్యాత: బెంగళూరు నుంచి కాల్.

శ్రోత (బెంగళూరు): నమస్కారమండి. 1957 అంటే ‘ప్యాసా’, ‘మదర్ ఇండియా’, ‘దో ఆంఖే బారహ్ హాథ్’ వచ్చిన ఏడాది. వాటి పక్కన పెడితే మన జాబితా నిలుస్తుందా?

మాస్టారు: నిలుస్తుంది. మీరు చెప్పిన మూడూ గొప్పవే. శాంతారాంగారి ‘దో ఆంఖే బారహ్ హాథ్’కి ఆ ఏడాది రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. తెలుగులో రజతపతకం బి.ఎన్.రెడ్డిగారి ‘భాగ్యరేఖ’కు వచ్చింది. నా నాలుగోది అదే. ‘మల్లీశ్వరి’ తీసిన చెయ్యి. కృష్ణశాస్త్రిగారి ‘నీవుండేదా కొండపై’ పాట అందులోదే. కానీ పతకం వచ్చిందని పెట్టలేదు. దిక్కులేని ఆడపిల్ల కథని కేకలు పెట్టకుండా చెప్పారు, జమున చేత చేయించారు, అందుకు పెట్టాను. పతకాల పట్టిక చూసి జాబితా రాస్తే ‘మాయాబజార్’ జారిపోతుంది, చూసుకోండి.

వ్యాఖ్యాత: థాంక్యూ. రాజమండ్రి కాలర్, టైమ్ తక్కువగా ఉంది, క్లుప్తంగా.

శ్రోత (రాజమండ్రి): మా ఊరి కథండి, ‘సారంగధర’! భానుమతిగారు...

మాస్టారు: భానుమతిగారి కోసం చూడాల్సిందే. ‘అన్నానా భామిని’ పాట కోసం కూడా. కానీ ఐదులో పట్టలేదండి. ఏడో ఎనిమిదో అవుతుంది.

శ్రోత: అన్యాయమండి.

మాస్టారు: మీరు మీ జాబితా రాయండి. సినిమా మొత్తం చూసి రాయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. చివరి కాల్... తెనాలి అమ్మగారే మళ్ళీ.

శ్రోత (తెనాలి): ఆఁ, నేనే. ఐదూ రాసుకున్నాను మాస్టారూ. ఏది ముందు చూపించను?

మాస్టారు: ‘మాయాబజార్’ ముందు. మూడు గంటల సినిమా, మధ్యలో తినడానికి ఏమైనా పెట్టండి. రెండో ఆదివారం ‘తోడికోడళ్ళు’. ‘ఎం.ఎల్.ఎ.’ పెద్దవాడికి చెప్పి చూపించండి, చిన్నది విసుక్కుంటే వదిలేయండి. చివరి వారం ‘సువర్ణసుందరి’.

శ్రోత: మంచిది. ఇంకొక్కటి. ఆ వెన్నెల పగలు తీశారన్నారు కదా, అది పిల్లలకి ముందే చెప్పనా?

మాస్టారు: వద్దమ్మా. పాట అయ్యాక చెప్పండి. వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తారు.

శ్రోత: అలాగే బాబూ. ఉంటాను.

వ్యాఖ్యాత: మాస్టారికీ, శ్రోతలకీ ధన్యవాదాలు. వచ్చే వారం ఇదే సమయానికి 1951.