ఎపిసోడ్ 31: రీజన్ పక్కన ఏం పెట్టాలి?

తమ్ముడు: నమస్తే. ఈ రోజు విషయం, ఇంగ్లీషులో నామవాచకం తర్వాత ఏ ప్రిపొజిషన్ రావాలి అని. అక్క టీ తాగేసింది, మొదలుపెట్టొచ్చు.

అక్క: ముందు నీ లీవ్ లెటర్ సంగతి చెప్పు.

తమ్ముడు: మళ్లీ అదేనా! 'రీజన్ ఆఫ్ లీవ్' అని రాశాను. మా మేనేజరు ఆ 'ఆఫ్' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపాడు. లీవ్ ఇచ్చాడో లేదో మాత్రం రాయలేదు.

అక్క: 'రీజన్ ఫర్', 'కాజ్ ఆఫ్'. మనకి రెండూ కారణమే, రెండిటికీ 'కి'నే. ఆలస్యానికి కారణం. 'సమస్యకి పరిష్కారం' అంటే మాత్రం 'సొల్యూషన్ టు'. మన 'కి' ఒక్కటే, వాళ్లకి మూడు. ఇంక మామిడికి డిమాండ్...

తమ్ముడు: వచ్చేసింది మామిడి! రెండు నిమిషాలు కూడా కాలేదు.

అక్క: చిత్తూరు మనిషి ఆపిల్ గురించి చెప్తుందా? 'డిమాండ్ ఫర్'. బెంగళూరా మామిడి ధర తగ్గితే 'ఫాల్ ఇన్ ప్రైస్'. రెండు రూపాయలు తగ్గిందనాలంటే 'ఎ ఫాల్ ఆఫ్ టూ రూపీస్'.

తమ్ముడు: మొన్న తిరుమల కొండకి పోయినప్పుడు కూడా...

అక్క: కొండకా, కొండ మీదికా?

తమ్ముడు: రెండూ ఒకటే కదక్కా.

అక్క: ఎట్లా ఒకటవుతుంది? దర్శనానికైతే 'కొండకి'. మా ఎదురింటాయన రోజూ బస్సెక్కి డ్యూటీకి పోతాడే, ఆయన పోయేది 'కొండ మీదికి'.

తమ్ముడు: అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినవాణ్ణి నేను! మోకాళ్లు అరిగినోడికి వట్టి 'కి'నా, బస్సులో కునుకు తీసినాయనకి 'మీదికి'నా? అన్యాయం.

అక్క: శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే. అట్లా పోయినా కొండకి పోయినట్టే. మెట్ల లెక్క కాదు నాయనా, మొక్కు లెక్క.

తమ్ముడు: నేనొప్పుకోను.

అక్క: ఒప్పుకోకు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

తమ్ముడు: సరే, 'డిస్కస్ అబౌట్' తప్పా?

అక్క: తప్పే. 'డిస్కస్' పక్కన ఏదీ వద్దు. అదే 'డిస్కషన్' అయితే 'అబౌట్' పెట్టొచ్చు. బళ్లో వల్లించలేదా, 'నిన్, నున్, లన్, కూర్చి, గురించి' ద్వితీయా విభక్తి అని? మన 'గురించి' కర్మకి తగిలే విభక్తే. దాన్ని మోసుకుపోయి అక్కడ 'అబౌట్' చేసినాం.

తమ్ముడు: అయిపోయింది, విభక్తులు మొదలు.

అక్క: 'చేతన్, చేన్, తోడన్...' ఒరే, ఆ 3,550 నిజంగా ఎక్కినావా? గాలిగోపురం దగ్గర ఫోటో దిగి వెనక్కి వచ్చిందెవరు?

తమ్ముడు: రికార్డింగ్ ఆపేస్తున్నా.

అక్క: ఆపు చూద్దాం, మీ వదినని అడుగు...