చక్రం తిప్పితే టింగ్: యాక్సెస్‌లో ఆ మోత ఎక్కడిది?

నమస్తే అందరికీ. ముందు ఈ చప్పుడు వినండి. టింగ్. మళ్లీ మౌస్ చక్రం తిప్పుతున్నా... టింగ్, టింగ్, టింగ్. స్క్రీన్ మీద మెసేజ్ లేదు, ఎర్ర గుర్తు లేదు. రికార్డు మాత్రం ఉన్న చోటు నుంచి కదలట్లేదు.

ఇది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రివ్యూనే, అంటే లెక్కలు, వివరాలు రికార్డులుగా దాచుకునే డేటాబేస్ ప్రోగ్రాం. కానీ ఫీచర్లు చదివి వినిపించను. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణంలో మిర్చి సీజనంతా దీన్ని నడిపించాం. నన్ను ఎక్కువ సతాయించింది ఈ ఒక్క చప్పుడు. అందుకే దాని గురించే ఎక్కువ మాట్లాడతా.

రైతు పేరు, ఊరు, రకం తేజానా చపాటానా, బస్తాలెన్ని, తూకం, ధర. ఒక్కో లాట్‌కు ఒక రికార్డు, చివరికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, ప్రింట్. ఆ ఫారం చేసిచ్చింది నేనే. ఓ రోజు పొద్దున్నే గుమాస్తా ఫోన్ చేశాడు. "తమ్మీ, చక్రం తిప్పితే అరుస్తాంది. సేటు నన్నే చూస్తాండు." ముందు యూపీఎస్ అనుకున్నా. కరెంటు పోతే అది కూడా కూస్తుంది కదా. కరెంటు ఉందన్నాడు. "అయితే సౌండ్ బంద్ పెట్టన్నా" అనేసి ఫోన్ పెట్టేశా.

అదే నేను చేసిన తప్పు. సౌండ్ పోయింది, రికార్డు ఇరుక్కోవడం పోలేదు. ఆయన విసిగి ఎస్కేప్ రెండుసార్లు కొట్టాడు. మొదటిసారికి ఆ గడిలో కొట్టింది పోతుంది, రెండోసారికి సేవ్ కాని రికార్డు మొత్తం పోతుంది. సాయంత్రం రైతు తక్‌పట్టీ కోసం వచ్చి నిలబడితే సిస్టంలో ఆయన లాటే లేదు. కాగితం మీద రాసుకున్నది ఉంది కాబట్టి బతికిపోయాం.

మరుసటి రోజు నేనే వెళ్లి కూర్చున్నా. మీకూ ఇలా అయితే సౌండ్ ఆపకండి, ఆ గొంతు ఎవరిదో కనుక్కోండి. విండోస్‌లో రన్ తెరిచి mmsys.cpl అని కొట్టండి. సౌండ్స్ ట్యాబ్‌లో డీఫాల్ట్ బీప్, ఎక్స్‌క్లమేషన్, క్రిటికల్ స్టాప్ అని విడివిడిగా ఉంటాయి. మామూలుగా వింటే ఏది ఏదో తేడా తెలియదు. అందుకే డీఫాల్ట్ బీప్‌కు టాడా, ఎక్స్‌క్లమేషన్‌కు చైమ్స్ పెట్టా. చక్రం తిప్పా. "టడా!" పక్కన తూకం చీటీలు సర్దుతున్న హమాలీ నవ్వాడు. నాకు మాత్రం విషయం అర్థమైపోయింది. ఇది హెచ్చరిక డబ్బా మోత కాదు, ఎవరో కోడ్‌లో బీప్ అని రాశారు.

ఆల్ట్ ఎఫ్11 కొట్టి కోడ్ కిటికీ తెరిచి, వెతికే డబ్బాలో కరెంట్ ప్రాజెక్ట్ ఎంచుకుని 'బీప్' కోసం వెతికా. దొరికింది. రాసింది నేనే.

అసలు కథ ఇది. యాక్సెస్ 2003 వరకు సింగిల్ ఫారంలో, అంటే ఒకసారికి ఒక్క రికార్డే కనబడే ఫారంలో, చక్రం తిప్పితే పక్క రికార్డుకు పోయేది. 2007 నుంచి దాన్ని తీసేశారు, మంచి పనే చేశారు. కానీ గుమాస్తాకు పాత అలవాటు. ఆయన అడిగాడని నేను మౌస్‌వీల్ ఈవెంట్‌లో (చక్రం తిప్పగానే నడిచే చోట) కోడ్ రాసి దాన్ని మళ్లీ తెచ్చిపెట్టా. ఇంకోపక్క సేవ్‌కు ముందు నడిచే బిఫోర్ అప్‌డేట్‌లో, తూకం ఖాళీగా ఉంటే సేవ్ ఆపెయ్ అని రాశా. మొదట అక్కడ మెసేజ్ డబ్బా ఉండేది. ప్రతిసారీ ఓకే నొక్కలేక పోతున్నానంటే డబ్బా తీసేసి బీప్ ఒక్కటి ఉంచా. రికార్డు కదలనప్పుడు వచ్చే 2105 ఎర్రర్‌ను కూడా కనబడకుండా మింగించా. ఇక ఆయనకు చెప్పేవాళ్లెవరు?

కాంటా చీటీ రాకముందే పేరు కొట్టి, పైన లాట్ చూద్దామని చక్రం తిప్పేవాడు. తిప్పినప్పుడల్లా సేవ్ కాబోయి ఆగేది, అరిచేది. ఇక్కడ చూడండి, ఫారం ఎడమ పట్టీలో చిన్న పెన్సిల్ గుర్తు. సేవ్ కాలేదని దాని అర్థం. సీజనంతా అది అక్కడే ఉంది, ఎవరం చూడలేదు.

మీ ఫైల్‌లో కోడ్ లేకపోతే మ్యాక్రోలు చూడండి. మెసేజ్‌బాక్స్ యాక్షన్‌లో బీప్ మొదటి నుంచే యెస్ అని ఉంటుంది. యాక్సెస్ ఆప్షన్స్‌లో ప్రొవైడ్ ఫీడ్‌బ్యాక్ విత్ సౌండ్ టిక్ ఉందేమో కూడా చూసుకోండి.

రేటింగ్ అడిగితే, చిన్న దుకాణం లెక్కలకు యాక్సెస్‌కు ఐదుకు నాలుగిస్తా. నా ఫారానికి రెండే. చక్రం కోడ్ మొత్తం తీసేశా. తూకం గడి ఖాళీగా ఉంటే ఇప్పుడు కింద ఎర్రగా "తూకం రాలేదు" అని కనబడుతుంది, కర్సర్ ఆ గడిలోకే పోతుంది. నిన్న గుమాస్తాను ఎట్లుందన్నా అని అడిగా.

"అరుస్తలేదు తమ్మీ. గని ఎర్రగ చూస్తాంది" అన్నాడు.