మోగే పైపును స్పీకర్‌తో ఆపడం ఎలా?

[దృశ్యం: ఒక అమ్మాయి ఖాళీ గాజు సీసా మూతి మీదుగా ఊదుతోంది. బూ... అని మోత.]

చిన్నప్పుడు మనమందరం చేసిన పనే ఇది. పెద్ద పైపుకు పక్కగా, చివర మూసేసిన కొమ్మలాంటి గొట్టం ఉంటే అక్కడా ఇదే జరుగుతుంది.

[దృశ్యం: యానిమేషన్. కొమ్మ మూతి దగ్గర తిరుగుతున్న సుడులు.]

గాలి ఆ మూతి అంచు దాటుతుంటే సుడులు పుడతాయి. సుడి అవతలి అంచుకు చేరినప్పుడు పీడనం మారుతుంది. ఆ అల కొమ్మ లోపలికి వెళ్లి తిరిగొచ్చి, తర్వాతి సుడికి ఊపునిస్తుంది. రెండింటి లయ కలిసిందా, మోత పెరుగుతూనే పోతుంది. అర మీటరు కొమ్మ అయితే సెకనుకు దాదాపు 170 సార్లు ఊగుతుంది.

దీన్ని ఉత్త శబ్దం అనుకోకండి. 2002లో అమెరికాలోని క్వాడ్ సిటీస్ అణువిద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి పెంచాక, ఆవిరిలోని తడిని తీసే స్టీమ్ డ్రయ్యర్ పలక విరిగింది. వేగం పెరిగిన ఆవిరికి వాల్వుల గొట్టాలు ఇలా మోగడమే కారణమని తర్వాత తేలింది. అక్కడ గొట్టాలకు అదనపు భాగాలు బిగించి సరిచేశారు. అయితే ఇంకో దారి కూడా ఉంది.

[దృశ్యం: పైపు, మైక్, కంట్రోలర్, స్పీకర్.]

మైక్ పీడనాన్ని వింటుంది, కంట్రోలర్ లెక్కగట్టి చెబితే స్పీకర్ దానికి ఎదురు అల, అంటే అది పెరిగే చోట తగ్గే అల, పంపుతుంది. ఎదురు అలతో పైపులో శబ్దాన్ని చంపే ఆలోచనకు పౌల్ ల్యూగ్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందాడు. కానీ మన పైపులో పని ఇంకా తేలిక. మోత మొత్తాన్నీ స్పీకర్ ఓడించనక్కర్లేదు, సుడికీ అలకూ కుదిరిన లయను చెడగొడితే చాలు. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి అంటారే, అదే. ఊగడం మొదలవుతుండగానే పట్టుకుంటే కొద్దిపాటి శక్తి సరిపోతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

[దృశ్యం: తెర మీద రెండు అలలు, ఒకటి పక్కకు జరుగుతోంది.]

టెన్షన్ అంతా టైమింగ్‌తోనే. 100 హెర్ట్జ్ మోతకు, అంటే సెకనుకు 100 సార్లు ఊగేదానికి, ఒక ఊపు 10 మిల్లీసెకన్లు. స్పీకర్ 5 మిల్లీసెకన్లు తప్పిందంటే, ఆపాల్సిన అలే, ఊగే ఉయ్యాలను తోసినట్టు, మోతను ఇంకా పెంచుతుంది. గాలి వేగం మారితే లయా మారుతుంది కాబట్టి కంట్రోలర్ వెంటవెంటనే సర్దుకోవాలి. ఒక స్వరాన్ని అణిస్తే పక్క స్వరం లేవడమూ ఉంది.

[దృశ్యం: విండ్ టన్నెల్ బొమ్మ, నాజిల్ ముందు కారు.]

జర్మనీలో ఇంగోల్‌స్టాట్‌లోని ఆడి కార్ల కంపెనీ విండ్ టన్నెల్లో, అంటే కారు మీదికి గాలి వీచి పరీక్షించే సొరంగంలో, ఈ పద్ధతి వాడారు. నాజిల్ అనే గాలి మూతి నుంచి వచ్చే గాలి అంచున పుట్టిన సుడులు, సొరంగమంతటినీ చెవికి అందనంత మంద్రంగా ఊపేవి. కారు మీద తీసే కొలతలు పాడయ్యేవి. గోడలు కూల్చకుండా, మైక్, స్పీకర్‌తోనే ఆ ఊపును తగ్గించారు.