పాత రైసుమిల్లులో లేసు తెర, తోలుబొమ్మలు: కోనసీమ రెసిడెన్సీ రివ్యూ

నమస్కారం అండీ. నా వెనకాల పెంకుల కప్పు, పక్కన కాలవ కనిపిస్తున్నాయా? ఇది పాత రైసుమిల్లు. ఇప్పుడు లోపల ధాన్యం లేదు. బయటి ఊళ్ల ఆర్టిస్టులు రెండు నెలలు ఇక్కడే ఉండి, మన పనివాళ్లతో కలిసి చేసినవి పెట్టారు. దీన్ని రెసిడెన్సీ అంటారని మా అమ్మకి చెబితే, "అంటే అద్దెకున్నారా?" అంది. టికెట్ లేదు, చెప్పులు మాత్రం బయట విడవాలి.

ముందు లేసు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ప్రభుత్వ ముద్ర, వచ్చింది కదా. మనం టేబుల్‌క్లాతులే చూసుంటాం. ఇక్కడ దూలం నుంచి నేల దాకా తెల్లటి తెర వేలాడుతోంది. కెమెరా దగ్గరగా పెడతాను, చూడండి. కింద అల్లిక బాగా బిగువు. నా నడుం దాకా వచ్చాక ఒక్కసారిగా కన్నాలు పెద్దవైపోయాయి. ఆ గీత 2022 జులై గోదావరి వరదలో నీళ్లు ఇంట్లోకి వచ్చిన ఎత్తు. నరసాపురం వైపు నుంచి పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి వచ్చిన ఆరుగురు ఆడవాళ్లు తలో పట్టీ అల్లారు. ఎవరింట్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాళ్ల పట్టీలో అంతదాకానే బిగువు. అందుకే గీత తిన్నగా ఉండదు, పట్టీ పట్టీకీ ఎక్కి దిగుతుంది. అక్కడున్న పిన్నిగారిని అడిగాను. రోజూ ఎవరో ఇచ్చిన డిజైను అల్లి ముక్క లెక్కన డబ్బులు తీసుకుంటారట. సొంతింటి గోడ మీద మరక చూసి అల్లడం ఇదే మొదటిసారట.

కానీ బోర్డు చూడండి. ఆర్టిస్టు పేరు ఇంతేసి అక్షరాల్లో ఉంది. ఈ ఆరుగురూ అడుగున, "సహకారం" అన్న మాట కింద. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తేల్చింది వాళ్లు కదండీ! నాకు ఒళ్లు మండింది.

రెండోది హెడ్‌ఫోన్లలో కాలవ చప్పుడు. లోపల కూర్చుంటే ఆవులింతలొస్తాయి. అడిగి బయటికి పట్టుకెళ్లండి. ఇప్పుడు కాలవలకి నీళ్లు ఆపేశారు, ఎదురుగా నెర్రెలిచ్చిన బురదే. చెవిలో మాత్రం లాకుల దగ్గర దూకే నీళ్లు. అక్కడ ఇరవై నిమిషాలు కూర్చుండిపోయాను.

చివరిది తోలుబొమ్మలాట, 1996 నవంబరు తుపాను కథ. కొబ్బరిచెట్లు పడిపోయాక బియ్యం లైన్లో ఆటలో నవ్వించే బొమ్మలు బంగారక్క, కేతిగాడు కొట్టుకుంటుంటే జనం పడీ పడీ నవ్వారు. మేకతోలుకి కొట్టిన సన్నటి చిల్లుల్లోంచి వెలుగొచ్చి నగలు మెరుస్తాయే, అది చూడాలి. తుపాను గాలి మాత్రం లాప్‌టాప్‌లోంచి వచ్చింది. బడి వార్షికోత్సవంలా ఉంది.

ఇంతలో కరెంటు పోయింది. స్పీకర్లు ఆగిపోయాయి. ఎవరో పెట్రోమాక్స్ తెచ్చారు. తెర వెనక పెద్దాయన కాలికింద చెక్కలు తొక్కడం మొదలెట్టారు. టకటక, టకటక, అంతకంతకూ జోరుగా. నా పక్కన కూర్చున్న ముసలావిడ నవ్వడం మానేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరెంటు వచ్చాక కూడా ఆయన చెక్కలు ఆపలేదు. లాప్‌టాప్ దగ్గర కుర్రాడే మూత మూసేశాడు.

శనివారం ఆట రాత్రి ఏడింటికి. ముందు వరస పిల్లలకే ఇస్తారు, గొడవ పడకండి.